పసుపు సంచిల ఎర్రలు

కాలేజీల సదివే ఆ రోజుల్ల నాకు తెల్వని సంగతంటు లేకుండె. (ఇప్పుడు తెల్వనియే ఎక్కువున్నయి, గది వేరే ముచ్చట.) మాది ఇందల్వాయి దిక్కు, గుట్టకు ఆనుకోని ఏటవాలు చెలక (మెట్ట చేను). వాన వడ్డదంటే మా మట్టంత కిందున్న చిన్నబాపు పొలంలకు కొట్టుకపోయేది. ఆయన గట్టు మీద నిలవడి "అన్నా, ఈ యేడు గూడ ఎరువు పంపినవ్, సల్లగుండు!" అని నవ్వేటోడు. బాపుకు మస్తు రోషమొచ్చేది. ఆఖరికి "ఇగ నాతోని కాదు, చెలక పడావు వెడ్త, బీడు వడనీ" అన్నడు. నాకు ఏడుపాగలే. "ఒక్క యేడు ఆగు బాపూ, మట్టి కదలకుంట నేను జేస్త" అని కాళ్లా వేళ్లా వడ్డ.

సంగతేందంటే, ఎర్రలు (గవే, వానపాములు) భూమిల బొక్కలు జేస్తే నీళ్లు లోపలికి ఇంకుతయి, మట్టిని ఈడ్సుకపోవు. మందులు కొట్టీ కొట్టీ మా చెలకల ఒక్క ఎర్ర మిగల్లే. బోధన్ కాడ మేనత్త చెరుకు తోటల ఎండాకు లేపితే చాలు, కుప్పలు కుప్పలు. ఆడికి పోయి, మట్టితోని సహా సంచి నింపుకోని బస్సెక్కిన. పసుపు పండించే మా ఇంట్ల పసుపంటని సంచి యాడుంటది చెప్పుండ్రి? నాకు ఆ సోయే లేదు! నిజామాబాద్ రాకముందే పసుపు మంటకు తాళలేక ఎర్రలన్ని సంచి మూతిలకెల్లి బయటవడ్డయి, పసుప్పచ్చగ. "ఓ యవ్వో, పాము పిల్లలు!" అని ఒకామె సీటెక్కి నిలవడ్డది. "వీటికి టికెట్ ఎవరు తీస్తరు చెల్లె?" అన్నడు కండక్టరు. (ఆయన కాళ్లు గూడ పైకే ఉన్నయి.) "అక్కా, జర కాలు లేపవా" అనుకుంట సీట్ల కింద పాకి, దొరికినయన్ని టిఫిన్ డబ్బల ఏసుకున్న.

వాటినే చెలకల ఇడిసి, మీద ఎండాకు కప్పి, మందు కొట్టుడు బంద్ వెట్టించిన. "గాలమేస్తవా బిడ్డా, చేపలేవి?" అని చిన్నబాపు ఒకటే ఎక్కిరిచ్చుడు.

మరుసటేడు గుట్ట మీద దంచి కొట్టింది వాన. తెల్లారి నేను, బాపు ఉరికినం. మా చెలకలకెల్లి కిందికి దిగేటి నీళ్లు తేటగున్నయి! మట్టి ఏడిదాడనే ఉంది. బాపు గట్టు మీద నిలవడి, గొంతు శించుకోని ఒర్లిండు: "ఏం తమ్మీ, ఈ యేడు ఎరువు అందలేదా?" నాకైతే ఆడనే ఎగిరి దుంకాలనిపిచ్చింది, దుంకిన గూడ.

పొద్దుమీకి చిన్నబాపు మా వాకిట్లకొచ్చిండు. "బిడ్డా, నాకు గూడ ఇన్ని ఎర్రలియ్యవే" అని సంచి సాపిండు.

"ఇస్త గని చిన్నబాపూ, ముందుగాల గా పసుపు సంచి ఇంటికాడ వెట్టి రా" అన్న.

చెలక ఇప్పటికీ దున్నుతున్నం. బస్సుల అందరి కాళ్ల సందుల పాకిన ఆ పిల్లనే ఏడవోయిందో తెల్వదు. ఇప్పుడు బస్సుల ఎవరన్న మూట దించితే, అందరికన్న ముందు కాళ్లు పైకి వెట్టుకునేది నేనే.