కోస్గి బట్టల దుకాణంల కంప్యూటర్ పంచాయితి

ఆ రోజుల్ల మా దిక్కు వానలకు కరువుండె గని సలహాలకు కరువు లేకుండె. చాయ్ హోటల్ల కూసుంటె పక్క బల్ల మీది మనిషి అడగకుండనే చెప్పేటోడు, బస్సెక్కితె కండక్టర్ చెప్పేటోడు, కటింగ్ షాపుల గొంతు మీద కత్తి వెట్టి మరీ చెప్పేటోళ్లు. అన్నీ ఊరికెనే. గసొంటి కాలంల, మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర, సలహాకు ఫీజు దీసుకునే ఆఫీసు ఒకటి తెరుచుకున్నది. అండ్ల మొట్టమొదటి ఉద్యోగి, చిట్టచివరి ఉద్యోగి నేనే. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన బీకాం పోరన్ని. హైదరాబాద్ల కొన్నాళ్లు కంప్యూటర్ కోర్సు జేసిన (అండ్ల సగం కాలం చెప్పులు బయట ఇడిచి, ఏసీ గదిల నిలవడి, ముందు బ్యాచోళ్లు ఎప్పుడు లేస్తరా అని ఎదురుచూసుడే). మా బాపు మాత్రం "మావోడు కంప్యూటర్ ఇంజినీర్ అయిండు" అని ఊరంత చెప్పుకున్నడు. నేను కాదనలె. బాపు సంతోషాన్ని సరిదిద్దుడు కొడుకుల పని గాదు గద.

ఆఫీసు పెట్టినాయనను నేను సార్ అనేటోన్ని. బొంబాయిల పెద్ద కంపెనీల పనిజేసి వచ్చిన అనేటోడు. ఎండకాలం మహబూబ్‌నగర్ల టై కట్టుకొని తిరిగే మనిషిని నేను ఆయననే జూసిన. "బొంబాయిల వ్యాపారస్తులు అందాజ మీద బతకరు తమ్మీ, సమాచారం మీద బతుకుతరు. దీన్ని బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటరు" అని, గదే మాట పెద్ద పెద్ద అక్షరాలల్ల బోర్డు మీద రాయించిండు. మా దిక్కు అప్పట్ల ఇంటెలిజెన్స్ అంటె పోలీసోళ్లే. బోర్డు ఎక్కిన నాటి నుంచి మేము బజార్ల నడుస్తుంటె షాపులోళ్లు లేసి నిలవడి నమస్తె పెట్టుడు, మాట్లాడేది ఆపుడు. కింద జిరాక్స్ షాపాయన ఒకనాడు మెల్లగ మెట్లెక్కి వచ్చి, "సార్, మా మేనల్లుడు మంచోడు, ఎవల జోలికి పోడు, వాని మీద జర పైకి రిపోర్టు రాయకుండ్రి" అని బతిమాలుకున్నడు. సార్‌కు మండింది. బోర్డు మార్పించి "వ్యాపార భవిష్యత్తు చెప్పబడును" అని రాయించిండు. ఇగ జనం జాతకాలు పట్టుకొని రావట్టిరి. ఒక పెద్దమనిషి అయితె, బిడ్డ పెండ్లి ఎప్పుడైతదో కంప్యూటర్ల జూసి చెప్పమని నా ముందర బైఠాయించిండు. నేను సార్ దిక్కు జూసిన. సార్ మాత్రం తొణక్కుండ "ఏడాది లోపల" అని చెప్పి పంపిండు. (అయింది గూడ. మేము చేసిన అంచనాలల్ల నిజమైనది గదొక్కటే.)

అసలు మమ్ముల ఎప్పుడు పిలువాలె అని ఎవలన్న అడిగితె సార్ దగ్గర జవాబు తయారుగ ఉండేది. "వ్యాపారం పడిపోతుంటె పిలువాలె, ఎందుకు పడుతుందో చెప్తం. లేస్తుంటె పిలువాలె, ఎందుకు లేస్తుందో చెప్తం. ఎటూ కదలకుండ ఉంటె మరీ తొందరగ పిలువాలె." విన్నోళ్లు తలకాయ ఊపి, చాయ్ తాగి, మళ్ల వస్తమని పోయేటోళ్లు. మళ్ల వచ్చేటోళ్లు గాదు. గట్ల దినాలు గడుస్తుంటె కోస్గి నుంచి ఒక బట్టల దుకాణం సేట్ కబురు పంపిండు, ఆయనను నేను చాచా అనేటోన్ని. సార్ ఆ దినం టైని రెండు సార్లు కట్టుకున్నడు.

చాచాది కోస్గి బజార్ల పాత దుకాణం. ముందర అరుగు మీద మిషన్లు పెట్టుకొని దర్జీలు, లోపల తానులు, చీరెలు, ధోతులు, వెనుక ఇల్లు. ఆయన కొడుకును నేను భాయ్ అనేటోన్ని. భాయ్ హైదరాబాద్ పోయి, అడగకుండ చెయ్యకుండ, రెడీమేడ్ షర్టుల మూట ఒకటి తెచ్చి దుకాణం ముంగట వేలాడదీసిండట. మరునాడు పొద్దుగాల చాచా వచ్చి ఆ షర్టుల మీదికెల్లి ధోతులు కప్పిండట. భాయ్ ధోతులు దీసిండు, చాచా మళ్ల కప్పిండు. ఆ నాటి నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకే గద్దె మీద చెరో కొసకు కూసుంటరు, ఒకే గిరాకికి చెరో దిక్కు బట్ట చూపిస్తరు. రెడీమేడ్ వస్తె అరుగు మీది దర్జీలు ఏం గావాలె అని చాచా బాధ. తాను బట్ట కొనేటోళ్లు తగ్గిపోతుంటె దుకాణం ఏం గావాలె అని భాయ్ బాధ. రెండూ నిజమే. అందుకనే ఎటూ తెగలె. ఆఖరికి "పెద్దమనుషులను పిలిస్తె బజార్ల ఇజ్జత్ పోతది, మిషన్‌ను పిలుస్తె పోదు" అని చాచాకు తోచిందట. గట్ల మమ్ముల పిలిచిండు.

కంప్యూటర్‌ను కోస్గికి చేర్చుడు ఒక పెద్ద కథ. దాన్ని బొంతల చుట్టి, తాడు గట్టి, ఆర్టీసీ బస్సుల సీటు మీద కూసోబెట్టిన. కండక్టర్ వచ్చి బొంతను ఒత్తి జూసి, "ఎవలయ్యా, పానం బాగలేదా?" అన్నడు. సంగతి చెప్తె, "సీటు మీద కూసున్నంక టికెట్ దీసుకోవాల్సిందే" అని దానికి గూడ టికెట్ కొట్టిండు. దుకాణంల పెట్టి, కరెంటు కోసం ఎదురుజూసి, కరెంటు వచ్చినంక ప్రింటర్ నడిపిస్తె అది కర్ర్ కర్ర్ మనుకుంట కాగితం కక్కింది. జాకెట్ గుడ్డకు వచ్చిన ఆడోళ్లు "గీ మిషన్ మంచిగున్నది, దారం యాడున్నది?" అని చుట్టూ తిరిగి జూసిన్రు. అరుగు మీది దర్జీలకైతె గదే అనుమానం. నేను వచ్చిన దినం వాళ్లల్ల ఎవలూ అన్నం సక్కగ తినలేదట.

నా పని బిల్లు బుక్కులన్ని ముందర పెట్టుకొని కంప్యూటర్ల ఎక్కించుడు. అది సార్ చెప్పిన పని. అసలు పని ఇంకోటని మొదటి దినమే సమజైంది. గద్దె ఈ కొస నుంచి చాచా, "కంప్యూటర్ బేటా, లంగ ఓణీ గుడ్డ అయిపోయిందని వానికి చెప్పు" అంటడు. నేను భాయ్ దిక్కు తిరిగి చెప్త. ఆ కొస నుంచి భాయ్, "ఆర్డర్ పెట్టి నాలుగు దినాలైందని అబ్బాకు చెప్పు తమ్మీ" అంటడు. నేను ఈ దిక్కు తిరిగి చెప్త. ఇద్దరి నడుమ చెయ్యి చాపితె తగిలేంత జాగనే ఉన్నది. బీకాం పాసై, కంప్యూటర్ నేర్చుకొని, బొంబాయి సార్ దగ్గర కొలువు జేసుకుంట నేను చేసింది గీ మోత పని. మధ్యాహ్నం చాచా భార్య, చాచీ, పరదా సందుల నుంచి నాకు గిన్నెల అన్నం, కట్టా సాలన్ అనే పుల్లటి పులుసు పంపేది. గిన్నె ఇయ్యనీకె పోతె ఒకటే అడిగేది: "ఇయ్యాల మాట్లాడిన్రా బాబూ?" లేదమ్మా అంటె ఏమనకపోయేది. ఇద్దరు చెరో యాళ్లకు తింటుంటె, ఈమె ఎవలతోని కూసొని తినాలెనో తెలువక వంటింట్ల నిలవడే తింటుందని పనామె చెప్పింది. గది విన్నప్పటి నుంచి ఆ సాలన్ నాకు గొంతు దిగకపోయేది. (దిగకపోయినా తిన్న. మళ్ల అడిగి తిన్న. అబద్ధం ఎందుకు?)

రిపోర్టు ఇంకా కొన్ని దినాలల్ల అయిపోతదనంగ, చాచా నన్ను అత్తరు వాసనొచ్చే మూల గదిలకు పిలిచిండు. తలుపు దగ్గరకేసి, "బేటా, వాడు చెప్పేదే సరైంది. నాకు ఎర్కే. రెడీమేడ్ పెట్టాలెనని రాయి. కాని కొడుకు చెప్తె ఇన్నట్టు గావద్దు. మిషన్ చెప్తె ఇన్నట్టు గావాలె. జర మర్యాదగ రాయి" అన్నడు. సరేనన్న. ఇంత పెద్దాయన తగ్గి మాట్లాడిండని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గా నీళ్లు ఆరకముందే, సాయంత్రం బస్టాండ్ల భాయ్ నన్ను పక్కకు గుంజుకపోయిండు. "తమ్మీ, అబ్బా మొఖం జూడలేకపోతున్న. దర్జీ మాస్టర్ నన్ను చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పినోడు. ఆయనను లేపి నేనేం సుఖపడుత? తాను బట్టనే నడుస్తదని రాయి. నేను ఓడిపోయిన అనుకోనీ. పర్వాలేదు." సరేనన్న. గెలిపియ్యమని మొక్కేటోళ్లను జూసిన గని, ఓడగొట్టమని ఇద్దరికి ఇద్దరు బతిమాలుడు నేను యాడా జూడలె. కోర్సుల గూడ చెప్పలె.

మహబూబ్‌నగర్ పోయి సార్‌కు రెండు సంగతులూ పూసగుచ్చినట్టు చెప్పిన. సార్ కండ్లద్దాలు దీసి, "తమ్మీ, సమాచారంల మనసుకు జాగా లేదు. ముగింపు నేనే రాస్త" అన్నడు. ఆయన రాస్త అంటె ఏందో నాకు అప్పటికి తెలువదు.

రిపోర్టు చదివే దినం దుకాణంల తాడు గట్టి, చీరెలు వేలాడేసే కాడ గ్రాఫ్ కాగితాలు వేలాడేసినం. దర్జీలు మిషన్లు ఆపి అరుగు మీద నుంచి మెడలు చాపి జూస్తున్నరు. పరదా వెనుక చాచీ గాజుల చప్పుడు. గద్దెకు చెరో కొసన తండ్రీకొడుకులు. నడుమ నేను, రెండు రహస్యాలు కడుపుల పెట్టుకొని. సార్ కర్రపుల్లతోని మొదటి గ్రాఫ్ చూపించి, "అంగడి నాడు బేరం ఎక్కువ" అన్నడు. చాచా తొడ చరిచిండు. "షాబాష్! నేను ఎప్పటికెల్లి గదే అంటున్న, ఆఖరికి మిషన్ గూడ ఒప్పుకున్నది!" రెండో గ్రాఫ్: "పెండ్లిళ్ల కాలంల చీరెలు ఎక్కువ పోతయి." దర్జీలు గూడ తలకాయలూపిన్రు. ఇగ ముగింపు. సార్ గొంతు సవరించుకొని చదివిండు: "పైరుకు సకాలంల బట్ట అందించవలెను. తొలకరికి ముందే తగినంత యూరియా నిల్వ చేసుకోవలెను. తడి తగలకుండ చెక్కల మీద పేర్చవలెను."

సంగతేందంటె, మా ఆఫీసు పెట్టకముందు తిరుమలగిరి దిక్కు ఒక ఎరువుల దుకాణానికి సార్ ఒక రిపోర్టు రాసి ఉండె. అండ్ల ఎరువు అన్న కాడల్ల బట్ట అని మహబూబ్‌నగర్ల ఇంకో కంప్యూటర్ తోని మార్పించిండు. యూరియా సంగతి ఆయనకు యాదికి రాలె. కంప్యూటర్‌కు ఎవలూ చెప్పలె.

చాచా మెల్లగ తల తిప్పి, గద్దె ఆ కొసకు జూసి, "ఏమిర, గీయన ఏమంటుండు?" అన్నడు. భాయ్ గూడ ఆలోచించకుండనే, "మనల యూరియా అమ్మమంటుండు అబ్బా" అన్నడు. "చీరెల పక్కన్నా?" "చెక్కల మీద అబ్బా." (వాళ్లు ఉర్దూల అనుకున్నరు. తెలుగుల గూడ గంతే అవమానం.) ముందు చాచా పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలినయి, భాయ్ తల గద్దెకు ఆనిచ్చి ఎక్కిళ్లు వెట్టి నవ్వవట్టె. అరుగు మీద దర్జీ మాస్టర్ "సేట్, యూరియా సంచికి కొలత దియ్యనా?" అన్నడు. నవ్వు ఆగినంక, తాము మాట్లాడుకున్నమని ఇద్దరికి ఒక్కసారే సోయికొచ్చింది. ఇద్దరూ తలకాయలు దించుకున్నరు. పరదా వెనుక గాజుల చప్పుడు ఆగిపోయింది.

"నేను ఈ పోరనికి ఒకటి రాయమని చెప్తి, ఈయన ఇంకోటి సదవవట్టె" అన్నడు చాచా. "నువ్వేం చెప్పినవ్ అబ్బా? నేను గూడ ఒకటి చెప్పిన" అన్నడు భాయ్. ఇద్దరూ నా దిక్కు తిరిగిన్రు. ఇన్నాళ్లు వాళ్ల మాటలు మోసిన నాకు, ఆఖరి మోత గదే అని తెలిసింది. కంప్యూటర్‌ను పట్టుకొని నిలవడి, చాచా మాట భాయ్‌కు, భాయ్ మాట చాచాకు అప్పజెప్పిన. చాచా చాలాసేపు కండ్లద్దాలు తుడుచుకున్నడు. తర్వాత లేసి, నన్ను దాటుకొని పోయి, కొడుకు పక్కన కూసున్నడు. "ముంగట సగం జాగా నీ షర్టులకు. లోపల తానులు నాయి. రేపు ప్యాంట్లు గూడ తెస్తవ్, అవి పొడుగైతయి గద, మాస్టర్ కత్తిరిస్తడు" అన్నడు. ఆ దినం మధ్యాహ్నం పరదా వెనుక అందరు కలిసి తినే బట్ట, దస్తర్‌ఖాన్, ఒకటే పరిచిన్రు. మాకు గూడ అండ్లనే బిర్యానీ. చాచీ ఆ దినం కూసొని తిన్నది.

బస్సుల వస్తుంటె సార్ కిటికీల నుంచి బయటికి జూసుకుంట, "జూసినవా తమ్మీ? దీన్నే ఏకాభిప్రాయ సాధన అంటరు" అన్నడు. యూరియా ముచ్చట మళ్ల ఎప్పుడూ ఎత్తలె. ఆఫీసు మాత్రం ఎక్కువ దినాలు నడవలె. సార్ బొంబాయి పోయిండు, నేను హైదరాబాద్ వచ్చి గదే వ్యాపారంల పడి, గీ పొద్దు దాక అండ్లనే ఉన్న. ఇప్పుడు తెర మీద రంగు రంగుల గ్రాఫులు, చల్లటి గదులు, నీళ్ల సీసాలు. సలహాదారును ఎప్పుడు పెట్టుకోవాలె అని పెద్ద పెద్దోళ్లు అడిగితె గంటసేపు చెప్త. చెప్పాల్సింది ఒక్క మాటనే: ఇంట్ల ఇద్దరు మాట్లాడుకోనప్పుడు, వాళ్లిద్దరు కలిసి నవ్వుకోనీకె ఒక మూడో మనిషి కావాలె. కాని గదొక్క మాట చెప్తె ఎవలూ ఫీజు ఇయ్యరు.

మొన్నామధ్య ఆ దిక్కు పోయి కోస్గిల దిగిన. చాచా, చాచీ లేరు. భాయ్ గడ్డం తెల్లవడ్డది. నన్ను గుర్తుపట్టి, గద్దె మీద కూసోబెట్టి, షర్టు ఒకటి దీసుకోవాల్సిందే అని పట్టువట్టిండు. సైజెంత అంటె, నేను కోర్సు చేసిన కాలం నాటి సైజు ధీమాగ చెప్పిన. ఆయన నా పొట్ట దిక్కు ఒకసారి జూసి, నా మొఖం దిక్కు ఒకసారి జూసి, మారుమాట లేకుండ అడిగిన సైజే కట్టి ఇచ్చిండు. సలహా ఇయ్యకుండ ఎంత మర్యాద జేయొచ్చో నాకు ఆ పొద్దు తెలిసింది. ఐతారం పూట అద్దం ముందర నిలవడి, ఊపిరి బిగవట్టి, ఆ షర్టు గుండీలు పెట్టుకుంట. నడుమ గుండీ దాక వస్తది. ఆడ ఆగి కొద్దిసేపు జూసుకుంట, ఇంట్ల ఎవలూ జూస్తలేరని చూసుకొని నవ్వుకుంట, ఊపిరి ఇడిచిపెడుత.