అవ్వ నన్ను అడగని ప్రశ్నలు

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మనిషి నేను పనిచేసే కచేరి గుమ్మంలోనే నిలబడి, "మీ అవ్వ పోయింది, జల్ది రా" అన్నాడు. మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవాళ్లం. కామారెడ్డి నుంచి నేను చేరేసరికి చిన్నాయన కొడుకు ఆమె తల దగ్గర కూర్చొని ఉన్నాడు. ఆఖరి గుక్కెడు నీళ్లు వాడే పోశాడట. ఏడుపుకన్నా ముందు నాకు కుళ్లు పుట్టింది. చదివేవాళ్లు ఏమైనా అనుకోండి, ఉన్నమాట చెబుతున్నాను.

వాడూ నేనూ ఒక ఈడువాళ్లం, ఒకే తరగతి. అప్పటి సర్కారు బడిలో పాఠాలన్నీ ఉర్దూలో ఉండేవి. అర్థం కాకపోయినా గొంతు చించుకొని బట్టీ పట్టడమే మాకు తెలిసిన చదువు. అవ్వకు అక్షరం ముక్క రాదు గాని, ఆ అరుపులు మాత్రం గిట్టేవి కావు. పొద్దుగూకకముందే పుస్తకాలు మూయించి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకునేది.

"ఇయ్యాల సదివింది నాకు తెలుగుల చెప్పుండ్రి. నాకు సమజైతే మీకొచ్చినట్టే. ఇగ బువ్వ తిని పండుడే."

చిన్నాయన కొడుకు వాన పాఠం మొదలుపెట్టాడో లేదో అవ్వ చేతిలో పని ఆగేది. "సముద్రం నీళ్లు ఉప్పగుంటయంటివి గద, మరి వాన ఎందుకు ఉప్పగుండది?" వాడు తల గోక్కునేవాడు, పుస్తకం తిరగేసేవాడు, మళ్లీ చెప్పేవాడు. "పోచారం చెరువు నీళ్లు గూడ గిట్లనే ఆవిరై మొగులైతయా?" అని ఇంకోటి. నా వంతు వచ్చేసరికి గింజలు టకటకా రాలుతూనే ఉండేవి. "ఊఁ" అనేది, "మంచిగుంది" అనేది. అంతే. నా కడుపు మండిపోయేది.

మిడిల్ పరీక్షకు కామారెడ్డి బయల్దేరిన రోజు మా పుస్తకాలన్నీ తన దగ్గరే ఉంచేసుకుంది. "బండిల తెరిస్తే ఉన్నది గూడ పోతది. దారిపొంటి చేన్లు చూస్కుంట పోండ్రి." తోటి పిల్లలు వల్లెవేస్తూ చెమటలు కక్కుతుంటే మేమిద్దరం పేలాలు నములుతూ వెళ్లాం. తడుముకోకుండా రాశాను. ఇప్పటికీ ఏ పరీక్షకూ నాకు నిద్ర చెడదు, అది అవ్వ పెట్టిన భిక్షే. ఇద్దరం పాసయ్యాం. వాడికి నాకన్నా మంచి మార్కులు వచ్చాయి. ఎందుకు రావు, ప్రశ్నలన్నీ వాడినే అడిగితే!

పోవడానికి కొద్దిరోజుల ముందు, చివరిసారిగా ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు ఇక ఆపుకోలేకపోయాను. "వాణ్నే అడుగుతుంటివి. నన్ను ఒక్కపారన్న అడిగినవా అవ్వా? నేనేమన్న పరాయోన్నా?"

అవ్వ నవ్వింది. "వాడు చెప్తే నాకు సమజ్ కాకపోతుండె బిడ్డా, అందుకే అడుగుతుంటి. నువ్వు చెప్తే సమజైతుండె. సమజైనంక ఏమడుగుతరు?"

సంతోషించాల్సిన మాటే. అయినా నా మనసు ఆ ప్రశ్నల మీదే ఉంది.

"ఏమన్న చెప్పు, వింట" అంది.

రైలు ఎలా నడుస్తుందో చెప్పాను. నీళ్లు, బొగ్గు, ఆవిరి, చక్రాలు. కావాలనే మధ్య మధ్య ముక్కలు వదిలేశాను, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. ఒక్కటైనా అడుగుతుందేమోనని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. అవ్వ కళ్లు మూసుకొని, హాయిగా తలాడిస్తూనే ఉంది.