గ్రాఫిక్స్ కార్డూ, ఠండా భాయ్ టేబులూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతుంది గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో, ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెలుసు, తెలుసు" అనేసేవాణ్ణి. దానికి మందు చివరికి అమీర్‌పేటలో దొరికింది, చాలా చేదుగా. ఈ కథని ఇన్నేళ్ళుగా తర్వాత పరిచయమైన స్నేహితుల మధ్య మొదటి సగం మాత్రమే చెప్పి నవ్విస్తూ వచ్చాను. రెండో సగం వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. ఇవాళ రెండూ చెప్పేస్తాను, మీరేమనుకున్నా సరే.

పంజగుట్టలో నా ఆఫీసు, ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో మా పిన్ని ఇల్లు. మాది భీమవరం వైపు. బాబాయి ప్రభుత్వోద్యోగి కావడంతో నేను హాస్టల్ పప్పుచారు బారిన పడకుండా వాళ్ళింట్లోనే మకాం పెట్టాను. పిన్ని బంగారం లాంటి మనిషి. కాకపోతే ఆవిడ ఇంట్లో ఒక ఆచారం ఉండేది, కొత్త వస్తువుతో వచ్చిన ప్లాస్టిక్ పొరని ఎవరూ తీయకూడదు. ఫ్రిజ్ తలుపు మీద పొర అలాగే ఉండేది, అంచులు లేచి గోధుమరంగుకి తిరిగినా సరే. టీవీ రిమోట్ పాలిథిన్ కవరులో, రబ్బరు బ్యాండు కట్టుకుని బతికేది. ఎండాకాలం సోఫా మీంచి లేస్తే మోచేతి చర్మం కాస్త సోఫాకే వదిలి రావాలి. "తీయకురా నాన్నా, కొత్తది కదా, పాడైపోతుంది" అనేది పిన్ని. (పిన్ని లెక్కలో పదేళ్ళు నిండని ప్రతి వస్తువూ కొత్తదే.) పొర లేకుండా వచ్చిన వస్తువులకి తనే జాకెట్టు ముక్కలతో కవర్లు కుట్టేది, అంచున కుచ్చులతో సహా. నేను ఈ ఆచారాన్ని వెక్కిరించేవాణ్ణి. అది నా ఒంటికి కూడా పట్టేసిందని అప్పటికి నాకు తెలియదు.

ఆఫీసులో నన్ను 'ప్రొఫెసర్' అనేవాళ్ళు. కంప్యూటర్ కొనాలన్నా, అందులో ఏదైనా మార్చాలన్నా నన్నే అడిగేవాళ్ళు. నిజానికి నేను చదువుకున్నదేమీ లేదు, వీడియోలు చూడటమే నా చదువు. ఆ వీడియోలు కూడా ఒకటిన్నర రెట్ల వేగంతో చూసేవాణ్ణి, అంత తొందర. అలా అందరికీ సలహాలిచ్చీ ఇచ్చీ, చివరికి నేనే ఆటలాడుకోవడానికి ఒక మాంఛి కంప్యూటర్ కట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. అన్నీ సమకూరాయి. బొమ్మలు చకచకా ఆడించే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మిగిలింది. కొత్తది కొనే తాహతు లేదు కనుక అమీర్‌పేటలో పాత సామాను బాగుచేసి అమ్మే ఠండా భాయ్ దగ్గరికి వెళ్ళాను.

కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని కప్పేసిన ఒక సందులో, ఒక సేఠ్ దుకాణం వరండాలో, ఠండా భాయ్‌ది ఒక్క టేబుల్. ఆ టేబుల్ మీద ఒక దీపం, బిస్కెట్ల డబ్బాలో మరలు, ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఏ మిషన్ తెచ్చినా ముందు దాని మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "దీన్ని ఠండా ఉంచాలె బాబు, ఠండా ఉంటే పదేండ్లు నడుస్తది" అనేవాడు. అందుకే ఆ పేరు. వరండాలో కూర్చోనిచ్చినందుకు సేఠ్ పెట్టిన షరతు ఒక్కటే, దుకాణం ముందు ఏనాడూ గొడవ కాకూడదు. "గొడవైతే టేబుల్ లేపుతడు. ఇంట్ల ఐదుగురం గీ టేబుల్ మీదనే తింటం" అని భాయ్ నాకు ఒకసారి మామూలుగా, మర బిగిస్తూ చెప్పాడు. అది కూడా నేను సగమే విన్నాననుకుంటాను.

"రూంల ఏసీ ఉందా బాబు?" అని అడిగాడు ఆ రోజు.

"లేదు భాయ్."

"కంప్యూటర్ డబ్బా ఎంత పెద్దగుంటది?"

చేతులతో చూపించాను. ఆయన తలూపి, రెండు ఫ్యాన్లున్న చిన్న కార్డు తీసి ముందు పెట్టాడు. "గిది తీస్కో. నీ ఆటలు మంచిగనే ఆడ్తయి. పెద్దది పెడితే ఆ డబ్బాల గాలి ఆడది, ఉడుకుతది."

నాకు మూడు ఫ్యాన్లదే కావాలి. రంగురంగుల లైట్లు వెలిగేదే కావాలి. ఆఫీసులో ఫోటో పెట్టాలి కదా. "ఫ్యాన్లు మూడుంటే ఏమాయె, లోపటికి గాలి రావాలె గద" అన్నాడు భాయ్ నిదానంగా. నేను గాలి ప్రవాహం గురించి ఆయనకే పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని పెద్ద కార్డే ఇచ్చాడు. ఇస్తూ, "లోపల ప్యాడ్లు ఎండిపోయినయి, జర కూసో, కొత్తవి ఏసిస్తా" అన్నాడు. కార్డు లోపల చిప్పులకీ, వేడిని బయటికి లాగే రేకుల దిమ్మకీ మధ్య మెత్తటి ప్యాడ్లుంటాయి. చిప్పుల వేడిని దిమ్మకు అందించేవి అవే.

"ప్యాడ్లు ఇవ్వండి భాయ్, నేనే వేసుకుంటాను" అన్నాను.

"వస్తదా?"

"వీడియో చూశాను."

"సరే. జర యాది పెట్టుకో, రెండు దిక్కుల..."

"తెలుసు భాయ్, తెలుసు" అని ప్యాడ్లు జేబులో వేసుకుని మెట్రో ఎక్కేశాను.

ఆదివారం పిన్ని భోజనాల బల్ల మీద (దాని మీదా ప్లాస్టిక్ షీటే) కార్డు విప్పి ఆపరేషన్ మొదలుపెట్టాను. ప్యాడ్‌కి ఒక వైపు నీలిరంగు పొర ఉంది. దాన్ని ఒలిచి అతికించాను. రెండో వైపు పల్చగా, నిగనిగలాడుతూ ఇంకో పొర కనిపించింది. గోరు పెట్టి చూశాను కూడా. అప్పుడు నా బుర్రలో మాట్లాడింది ఏ వీడియోనో కాదు, సాక్షాత్తూ మా పిన్నే. కొత్తది కదా, పాడవకుండా ఇచ్చి ఉంటారు, ఉండనీ అనుకుని, ఎనిమిది ప్యాడ్లకీ ఆ పొర అలాగే ఉంచి మరలు బిగించేశాను. మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి, నవ్వాల్సిన భాగం ఇదే.

కార్డు పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాక పది నిమిషాలు అద్భుతంగా నడిచింది. తర్వాత మూడు ఫ్యాన్లూ కలిసి మినప్పిండి రుబ్బుతున్న చప్పుడు చేశాయి. ఆ తర్వాత తెర నల్లబడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పది నిమిషాలే. సరిగ్గా ఆ ముందురోజే పిన్ని నా కంప్యూటర్‌కి ఆకుపచ్చ జాకెట్టు గుడ్డతో కుచ్చుల కవరు కుట్టిచ్చింది. నడవనప్పుడు మాత్రమే కప్పేది, పాపం. అయినా "నీ కవర్లు, నీ కుచ్చులూ, గాలాడక చచ్చింది" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ కవరు మడిచి బీరువాలో పెట్టేసింది. తర్వాత డబ్బా పక్క తలుపు ఊడదీశాను. బాబాయి టేబుల్ ఫ్యాన్ లాక్కొచ్చి దానికి ఎదురుగా పెట్టాను. ఆయన బనీనుతో కూర్చుని పేపరుతో విసురుకుంటూ పేపరు చదివారు, ఒక పేజీ చదివేసరికి రెండు పేజీలు చిరిగేవి. ఒక సాయంత్రం కంప్యూటర్‌ని వంటింట్లోకి మోసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పెట్టాను. పెరుగు పులిసింది, కార్డు మాత్రం చల్లబడలేదు.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. నాది కాదు, నేను ప్రొఫెసర్ని. కనుక ఠండా భాయ్‌దే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "అమీర్‌పేటలో మోసపోయాను, ఆ వరండా టేబుల్ దగ్గర ఎవరూ కొనకండి" అని రాసిపడేశాను. ఆయన దగ్గర కొనబోతున్న ఇద్దరు మానేశారు. అంతటితో ఊరుకోలేదు. శనివారం మధ్యాహ్నం ముగ్గురు కొలీగ్స్‌ని వెంటేసుకుని, కార్డు చేతబట్టుకుని దండయాత్రకి బయల్దేరాను.

వరండాలో అడుగుపెడుతూనే గొంతు పెంచాను. చచ్చిన సరుకు అంటగట్టారన్నాను, ఇదేనా వ్యాపారం అన్నాను. కోచింగ్ పిల్లలు టీ గ్లాసులతో ఆగి చూస్తున్నారు. భాయ్ కార్డు తీసుకుని అరచెయ్యి పెట్టి చూసి, మరలు విప్పి, దీపం కిందికి వంచాడు. నేను ఆయన భుజం మీంచి చూస్తున్నాను. దీపం వెలుగులో ఎనిమిది ప్యాడ్ల మీదా ఎనిమిది పొరలు తళతళా మెరిశాయి.

నాకు క్షణంలో అంతా అర్థమైపోయింది. రెండు దిక్కుల అని ఆయన మొదలుపెట్టిన మాటకి మిగతా సగం 'పొర తీయాలె' అనీ, పొర ఉంటే వేడి దిమ్మకు దాటదనీ తెలిసింది. భాయ్ తలెత్తి నన్ను చూశాడు, తర్వాత నా వెనక నిలబడ్డ ముగ్గుర్నీ చూశాడు. మళ్ళీ తల వంచుకుని, వీపు అడ్డం పెట్టి, ఒక్కొక్క పొరే ఒలిచాడు. "ప్యాడ్లు సరిగ లేకుండె. నాదే గల్తీ. ఇప్పుడు సాఫైంది" అన్నాడు. కార్డు బిగించి నా చేతికిస్తూ, ఆ ఎనిమిది పొరల్నీ ఒక మడత పెట్టి నా చొక్కా జేబులో వేశాడు.

అప్పుడే సేఠ్ బయటికొచ్చాడు. "ఏంది లొల్లి? గల్తీ నీదేనంటున్నవు గద. దుకాణం ముందట పంచాయితీ వద్దని ఎన్నిసార్లు చెప్పిన? సోమవారం కల్లా టేబుల్ లేపు."

భాయ్ ఇంకోసారి నా వైపు చూశాడు.

నేను నేల వైపు చూశాను. ఇదీ నేను ఇన్నేళ్ళూ స్నేహితుల దగ్గర దాచిన సగం. నోరు తెరిచి ఒక్క వాక్యం అంటే సరిపోయేది. ఇంట్లో ఐదుగురం అన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది, గుర్తొచ్చి కూడా ఊరుకున్నాను. "అదీ దెబ్బంటే, ప్రొఫెసర్‌తోనా" అని కొలీగ్ ఒకడు నా వీపు తట్టాడు. నేను నవ్వాను కూడా. ఛీ.

ఇంటికొచ్చి పెడితే కార్డు చప్పుడు లేకుండా, చల్లగా, గంటల తరబడి నడిచింది. నాకే ఆట మీద మనసు పోలేదు. ఆదివారం బట్టలు నానబెడుతూ పిన్ని నా జేబులోంచి ఆ పొరలు తీసి, "ఇవేంట్రా?" అంది. తీయకుండా ఉంచిన ప్లాస్టిక్ గురించి ఆ ఇంట్లో చెప్పుకోవాల్సి రావడం కంటే అవమానం ఇంకోటి లేదు. మొత్తం చెప్పాను. పిన్ని సబ్బు చేతుల్తోనే స్టూలు మీద కూర్చుని విన్నది.

"మొన్న నా కవరు వల్లన్నావు. నిన్న ఆయన కార్డు వల్లన్నావు. ఆయనకి రేపు టేబుల్ పోతుందా?"

"పోతుంది."

"అయితే రేపు పొద్దున్నే నడు. నేనూ వస్తాను."

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి, ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కి, చిన్నపిల్లాడిలా పిన్ని వెనకాల అమీర్‌పేటలో దిగాను. భాయ్ మరలు డబ్బాలోకి ఎత్తుతున్నాడు. దీపం అప్పటికే తాడుతో చుట్టేసి ఉంది. సేఠ్ గల్లా దగ్గర కూర్చున్నాడు. నేను గొణిగాను.

"ఇనస్తలేదు, జర గట్టిగ చెప్పు" అన్నాడు సేఠ్.

మళ్ళీ చెప్పాను. "ఆ రోజు ఇంతకంటే పెద్ద గొంతే కదరా" అంది పిన్ని. మూడోసారి సందులో టీ తాగేవాళ్ళందరికీ వినిపించేలా చెప్పాను. పొర నేనే తీయలేదని, భాయ్ తప్పు రవ్వంత కూడా లేదని, మొన్న తెలిసి కూడా నోరు మూసుకున్నానని. జేబులోంచి ఆ ఎనిమిది పొరలూ తీసి గల్లా మీద పెట్టాను. సేఠ్ ఒకటి ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత వరండా వైపు తిరిగి, "దీపం ఇప్పు భాయ్" అన్నాడు.

"ఆయన నిన్ను కాపాడినట్టు నువ్వూ కాపాడు" అని పిన్ని నా చేత అక్కడే నిలబడి ఆఫీసు గ్రూపులో జరిగిందంతా రాయించింది. ప్రొఫెసర్ పదవి ఆ నిమిషంతో ఊడింది. తర్వాత చాలాకాలం నా బల్ల మీద ఎవరో ఒకరు ప్లాస్టిక్ ముక్క పెట్టి పోయేవాళ్ళు.

వచ్చేముందు భాయ్ దగ్గర ఆగి, "ఆ రోజు మీరెందుకు చెప్పలేదు భాయ్?" అని అడిగాను.

ఆయన తాడు ముడి విప్పుతూ, "దోస్తుల ముందట నీ ఇజ్జత్ ఎందుకు తీయాలె అనుకున్న" అన్నాడు. దీపం టేబుల్ మీద పెట్టి, "సేఠ్ గరం అయినప్పుడు మాత్రం నీ దిక్కు చూసిన బాబు. ఇప్పుడన్న చెప్తవేమో అని" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేనే ఒక టీమ్‌కి పెద్దని. కొత్తగా చేరిన కుర్రాళ్ళు నా మాట పూర్తికాకముందే "తెలుసు సర్" అంటుంటారు. నాకు కోపం రాదు, నవ్వొస్తుంది. పిన్ని ఆకుపచ్చ కుచ్చుల కవరు అడిగి మరీ తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా కంప్యూటర్ మీదే ఉంటుంది. అప్పుడప్పుడూ అమీర్‌పేట వెళ్తే ఠండా భాయ్ టేబుల్ దగ్గర ఆగుతాను. జుట్టు నెరిసింది గానీ అదే దీపం, అదే బిస్కెట్ల డబ్బా. ఎదుటి కుర్చీలో ఎవరైనా కస్టమర్ ఉంటే నన్ను చూపించి, "గీ సార్ చూడున్రి. గల్తీ తనదని తెలిసినంక మా సేఠ్ కాడికి వచ్చి నలుగుర్ల చెప్పిండు. గంత ఖరా, నిజాయితీ మనిషి" అని గొప్పగా చెబుతాడు. ఆయన కూడా కథ సగమే చెబుతాడన్నమాట, తనకి నచ్చిన సగం. వాళ్ళు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, "రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను బాబూ" అని మిగతా సగం మొదలుపెడతాను.