నా యాప్‌లోకి వచ్చిన మొదటి లిఫ్టు

గురుగ్రామ్‌లో అపార్ట్‌మెంట్ల లిఫ్టులు బాగుచేసే కంపెనీలో నాది ఫోన్లు ఎత్తే ఉద్యోగం. లిఫ్టు ఆగిందని కబురొస్తే మెకానిక్‌ను పంపాలి. అతను అక్కడికి చేరాక మళ్లీ నాకే ఫోన్ చేసేవాడు: "మేడమ్‌జీ, దీనికి పోయినసారి ఏం మార్చారు?" ఆ వివరాలన్నీ కంపెనీ రికార్డులు దాచే క్లౌడ్‌లోని డేటా వేర్‌హౌస్‌లో భద్రంగా ఉండేవి. అందులోకి వెళ్లే అనుమతి మాత్రం డేటా టీమ్‌లో నేను అక్కా అని పిలిచే ఆమెకే ఉండేది. నేను ఆమెకు మెసేజ్ పెట్టి, ఆమె వెతికి పంపి, నేను మెకానిక్‌కు చదివి వినిపించేసరికి అక్కడ జనం తిట్లు మొదలయ్యేవి.

అక్కది వరంగల్. నాది విజయనగరం. ఆఫీసు మొత్తానికి తెలుగువాళ్లం మేమిద్దరమే.

కోడ్ ఒక్క ముక్క రాయకుండా, తెర మీద బటన్లు, పెట్టెలు లాగి పేర్చి యాప్ చేసుకోవచ్చని ఒక వీడియోలో చూశాను. మూడు రోజులు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఒకటి చేసేశాను. లిఫ్టు నంబరు కొడితే దాని పాత రిపేర్లన్నీ రావాలి. నంబరు కొట్టే పెట్టె ఉంది, బటన్ ఉంది, రావడానికి లోపల ఏమీ లేదు. ఆ డొల్ల యాప్ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను.

"దీన్ని మీ వేర్‌హౌస్‌కి కలిపేయండక్కా."

"కలిపేసుడేంది? పొరపాటున ఒక బటన్ నొక్కినవనుకో, ఉన్న డేటా అంత ఆగమైతది."

"నాకు మార్చడం ఎందుకక్కా? చూస్తే సాలదేటి!"

ఆమె నవ్వి, చూడటానికే తప్ప దేన్నీ మార్చడానికి వీల్లేని లాగిన్ ఒకటి చేసి ఇచ్చింది. సీటుకు పరుగెత్తి ఆ లాగిన్ వివరాలు యాప్‌లో నింపి బటన్ నొక్కాను. ఎర్ర అక్షరాలు. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. మళ్లీ ఎర్ర అక్షరాలే. అక్క కుర్చీ లాక్కుని వచ్చి చూసింది.

"నీ తప్పు గాదు. తెలవని అడ్రస్ నుంచి ఎవరొచ్చినా వేర్‌హౌస్ లోపలికి రానియ్యది. నీ యాప్ నడిచే సర్వర్ అడ్రస్ నేను జాబితాల రాయాలె. ఆగు... ఆఁ, ఇగ కొట్టు."

పచ్చ టిక్కు పడింది. వెంటనే ఒక లిఫ్టు నంబరు కొట్టాను. తలుపు సెన్సర్, కేబుల్, బటన్ల ప్యానెల్... దాని రిపేర్లన్నీ వరసగా నా ఫోన్‌లోకి దిగాయి! నేను వేసిన కేకకు అందరూ భూకంపం అనుకున్నారు. పక్క వరసలో ఒకాయన బ్యాగు తగిలించుకుని అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఒక టవర్‌లో ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ నడుమ లిఫ్టు ఆగిపోయింది. లోపల కూరగాయల సంచితో ఒక ఆంటీ. అక్కడికి వెళ్లింది అందరిలోకీ పెద్ద మెకానిక్. యాప్‌లంటే ఆయనకు నమ్మకం లేదు. "లింకు పంపాను భయ్యా, నంబరు కొట్టి చూడండి" అని బతిమాలాను. ఆయన గొణుక్కుంటూనే నంబరు కొట్టాడు.

"అరే వాహ్! సెన్సర్ రెండుసార్లు మార్చారు. అయితే తప్పు సెన్సర్‌ది కాదు మేడమ్‌జీ, దాని వైరుది!"

పది నిమిషాల్లో ఆంటీ బయటపడి, కోపంగానే ఆయన చేతిలో రెండు జామకాయలు పెట్టిందట. ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. "ఒక్క మాట. ఈ లిఫ్టు నేను పోయిన నెల పొద్దున ఆరున్నరకి బాగుచేశానని ఉంది. ఆ టైమ్‌కి నేను రజాయి కప్పుకుని పడుకుని ఉంటా. వచ్చింది పన్నెండింటికి!"

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. వేర్‌హౌస్ గడియారం మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకట. ఆ ఐదున్నర గంటలు కలిపే సూత్రం అప్పటికప్పుడు యాప్‌లో నేనే రాశాను, ఎవరినీ అడగకుండా.

సాయంత్రానికి మిగతా మెకానిక్‌లందరూ లింకు కావాలని వెంటపడ్డారు. మర్నాడు అక్క తన ల్యాప్‌టాప్‌తో నా పక్కన చేరింది.

"నాక్కూడ ఒకటి చేసుడు నేర్పు."

"కోడింగ్ వచ్చిన మనిషి, మీకెందుకక్కా?"

"రాసి రాసి యాష్టకొచ్చిందే!"

ఆమె మొదటి బటన్‌ను లాగబోయి తెర అంత పెద్దది చేసి పెట్టింది. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.