నాటకశాలకు కుట్టిన తెరచాప

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, నాటకశాల కట్టి చూడమని పెద్దలెవరూ అనలేదు. అన్నా మేము వినివుండేవాళ్ళం కాము. కాకినాడలో ఆఫీసు గుమాస్తాలం, బడిపంతుళ్ళం కలిసి నాటకాలు ఆడడం మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. ఒక ఏడు ఎవరి పెళ్ళిపందిట్లోనో, మరో ఏడు బడి వరండాలోనో ఆడేవాళ్ళం. వాన వస్తే రాజూ భటుడూ ఒకే గొడుగు కిందికి చేరేవారు. సొంత శాల ఉంటే బాగుండునని అందరికీ అనిపించింది.

స్థలం దొరికింది గాని అది మర్యాదస్తులు షికారు తిరిగే చోటు కాదు. రేవుకు పోయే కాలువ గట్టున, కలప అడితీకీ తాళ్ళు పేనేవాళ్ళ పాకలకీ మధ్య ఒక పాత నూనెగింజల గిడ్డంగి ఉండేది. కప్పు కూలిపోయి గోడలు మిగిలాయి. చుట్టూ ఊక కుప్పలు, తారు వాసన, ఎండుచేపల వాసన, పగలంతా సుత్తుల మోత. కాలువకు అవతల ఓడలు కట్టేవారు. మా ఊహలు మాత్రం చిన్నవి కావు. పెద్ద శాల, దాని పక్కన వేషాల గది, సామానుకు ఒక కొట్టు, వెనకవైపు కాలువలోకి మెట్లు, పడవ మీద వచ్చిన సరుకును తిన్నగా రంగం మీదికి ఎక్కించడానికి వెడల్పాటి తలుపు. ప్లానులో ఇంకొకటి కూడా ఉంది. ఆడవాళ్ళు కూర్చుని చూడడానికి, వెదురు తడికెలు కట్టిన మేడ.

ఆ మేడ మీద మా ఆవిడ చాలా ఆశ పెట్టుకుంది. నేను నాటకాల్లో ఆడవేషాలు వేసేవాణ్ణి. ఊళ్ళో నా వేషానికి పేరుండేది, ఆ పేరంటే నాకు మహా గర్వంగానూ ఉండేది. అయితే చీర ఆవిడది, నడక ఆవిడ దగ్గర నేర్చుకున్నది. గదిలో నడిచి చూపిస్తే, "అలా నడిస్తే బిందెలో నీళ్ళు గుమ్మం దగ్గరే ఒలికిపోతాయండి" అని మళ్ళీ మొదటినుంచి నడిపించేది. కుచ్చెళ్ళు పోసి, జడ అల్లి, కాటుక దిద్ది పంపేది. పంపాక తలుపు వేసుకుని ఇంట్లో కూర్చునేది. ఒక్క నాటకమూ చూడలేదు.

"వండినదాన్ని నేనే రుచి చూడొద్దంటే ఎలాగండీ?" అంది ఒకసారి.

మేడ వస్తుందిగా అన్నాను.

మేడ రాలేదు. కమిటీకి అధ్యక్షులు మా నాన్నగారు. పోర్టు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగినవారు, మాట ఖండితం. "ఆడవాళ్ళు నలుగురిలో కూర్చుని నాటకం చూస్తే ఏడుస్తారు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకుంటారు. అది మర్యాదా కాదు, మాటలూ వినపడవు" అని ప్లానులో మేడ మీద అడ్డంగా గీత కొట్టేశారు. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు కమిటీలో ఎవరికీ లేదు, ఇంట్లో అసలే లేదు. మా ఆవిడైతే ఆయనతో మాట్లాడిందే లేదు. మామగారూ కోడలూ ఎదురుపడి మాట్లాడుకోవడం ఆ రోజుల్లో మా ఇళ్ళలో లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే తలుపు చాటునుంచి నాతో చెప్పేది, ఆయనకు వినపడేటట్టు. మేడ సంగతి తెలిసిన రోజున ఏమీ అనలేదు. ఆ పూట పప్పులో ఉప్పు కూడా లేదు.

శాల కట్టింది తాళ్ళరేవు నుంచి వచ్చిన పడవల మేస్త్రి, అతని మనుషులు. ఇళ్ళు కట్టే వడ్రంగులు కాలువ గట్టు పనికి రామన్నారు, వీళ్ళు ఎదురుగానే ఉన్నారు. పనివాళ్ళు గట్టివాళ్ళే గాని, ఏది కట్టమన్నా ఓడ కట్టేవారు. కప్పు దూలాలు ఓడను బోర్లించినట్టు వంగి ఉండేవి. రంగం మీద పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పోశారు, చుక్క నీరు దిగదన్నారు. మా నాటకాల్లో వరద ఎక్కడా లేదని చెప్పినా నవ్వి ఊరుకున్నారు.

అసలు కథ తెర దగ్గర వచ్చింది. రంగానికి వెనకాల అడవి బొమ్మ వేయించడానికి ఒక పెద్ద తెర కావాలి. మేస్త్రితో చెప్పింది నేనే.

"గట్టి గుడ్డతో ఒక తెర కుట్టించాలి మేస్త్రీ. గాలికి చిరక్కూడదు."

"తెరకేముందండి బాబూ. మావోడు చిన్నప్పట్నుంచీ ఆ పనేనండి. తుఫానొచ్చినా పోగు కదలదండి."

వచ్చినదాన్ని విప్పి చూస్తే అది తెరచాప. వాళ్ళ వాడుకలో తెర అంటే అదే, మరో తెర వాళ్ళెరగరు. అడ్డంగా వరసలు వరసలుగా కన్నాలు, ఒక్కొక్క కన్నం చుట్టూ తాడు పెట్టి కుట్టిన అంచు.

"ఈ కన్నాలేంటి?" అన్నాను.

"కన్నాల్లేకుండా తెరేంటండి? గాలెక్కువైతే దేంట్లో తాడు దూర్చి ముడేస్తారండి?" అన్నాడు మేస్త్రి, మమ్మల్ని చూసి జాలిపడి.

మరొకటి కుట్టించే వ్యవధి లేదు. బొమ్మలు వేయడానికి రాజమండ్రి నుంచి వచ్చినాయన గడ్డం గోక్కుని, కన్నం కన్నానికీ ఒక కొమ్మ వేసి, అన్నిటినీ నేరేడు పళ్ళు చేశాడు. నేరేడు పళ్ళకు అది కాస్త పెద్ద సైజేనండీ అంటే, పురాణకాలంలో అన్నీ పెద్దవే అన్నాడు.

ఇంటికి వచ్చి ఈ వైభవమంతా మా ఆవిడకు చెప్పాను. పడి పడి నవ్వింది. నవ్వు ఆపుకుని, "ఎంత ఎత్తులో ఉన్నాయండీ ఆ పళ్ళు?" అని అడిగింది.

కింది వరస నా భుజం దాకా వస్తుందన్నాను.

"అయితే అందుతాయన్నమాట" అంది. నాటకం ఏ రోజో కూడా అడిగింది. కార్తీక పున్నమి అన్నాను. ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళందరూ దీపాలు వదలడానికి కాలువకు వెళ్తామని, ఊకా బురదా లేని మెట్లు నాటకశాల వెనక, సరుకు ఎక్కించే తలుపు దగ్గరే ఉన్నాయని చెప్పింది. దీపాలు వదలడానికి వద్దని మా నాన్నగారు మాత్రం ఎలా అంటారు?

నాటకం మధ్యాహ్నం ఎండ తగ్గాక మొదలైంది. మా పంతులుగారొకరు రాసినది. అడవిలో తప్పిపోయిన కొడుకును వెతుక్కునే రాణి వేషం నాది. చివరి అంకానికి పొద్దు వాలింది, రంగం ముందు దీపాలు వెలిగించారు. ఆ వెలుగు ముందు వరసలో కూర్చున్న పెద్దల ముఖాల మీద కూడా పడేది. చచ్చిపడిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాను. వెనక గాజుల చప్పుడు వినిపిస్తే నావేననుకున్నాను. ఆట ముగిశాక ఒక పెద్దమనిషి వచ్చి, ఆ చిత్రకారుడి చెయ్యి బంగారమనీ, నేరేడు పళ్ళు నిజంగా కదులుతున్నట్టే ఉన్నాయనీ మెచ్చుకుని వెళ్ళాడు.

ఇంటికి వచ్చాక, నా వేషం ఎలా ఉందని మా ఆవిణ్ణి అడిగాను.

"కట్టు కుదిరింది. జడ వంకరగా ఉందండి. నాకు మీ వీపేగా కనిపించేది" అంది.

"ఏడుపు?"

"మీ ఏడుపు చూళ్ళేదండి. మామగారిని చూస్తూ ఉండిపోయాను." నవ్వబోయి ఆగిపోయింది. "కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చారండి. అత్తగారు పోయిననాడు కూడా ఆయన కంట తడి చూళ్ళేదు. అమ్మలక్కలందరినీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని ఆ పండు దగ్గరికి పిలిచి చూపించాను. చివరికి వంతులు వేసుకున్నారు."

నాకు చిన్నతనంగా అనిపించింది. అంత కష్టపడి ఏడిస్తే, చూడవలసిన మనిషి మరొకరి ఏడుపు చూసింది. మా నాన్నగారు ఏడ్చారంటే నమ్మబుద్ధి కూడా కాలేదు. మా అమ్మ పోయినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను.

మర్నాడు ఇద్దరం భోజనాలకు కూర్చున్నాం. మా ఆవిడ వడ్డించి తలుపు చాటుకు వెళ్ళింది. నాన్నగారు మంచి ఉత్సాహంగా ఉన్నారు. "చూశావురా, శాల ఎంత నిశ్శబ్దంగా ఉందో. మేడ కట్టివుంటే నీ పద్యం ఒక్కటైనా వినిపించేదా? ఈ పాటికి కాలువ పొంగేది" అన్నారు.

తలుపు చాటునుంచి మాట వచ్చింది.

"ఏమండీ, మామగారికి చెప్పండి. నిన్న ఆడవాళ్ళెవరూ ఏడవలేదండి. నేరేడు పళ్ళ కన్నాల్లోంచి చూడ్డానికే సరిపోయింది."

ఆయన చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. ఎక్కడినుంచి చూశారో, చూస్తే ఏం కనబడుతుందో ఆయనకు నిదానంగా అర్థమవుతూ ఉండడం నాకు తెలుస్తూనే ఉంది. కోప్పడతారనుకున్నాను. ఆయన తలుపువైపు ముఖం తిప్పారు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడను పలకరించడం అదే మొదలు.

"అమ్మాయ్, నన్ను ఇంకెవరైనా చూశారా?"

లోపల గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడైంది.

"లేదండి" అంది మా ఆవిడ. "అటువైపు నేనొక్కదాన్నే ఉన్నానండి."

నేను విస్తట్లోంచి తల ఎత్తలేదు. నాన్నగారు మాత్రం నెమ్మదిగా అన్నం కలుపుకుని, కాస్త మజ్జిగ పొయ్యమని ఆవిణ్ణే అడిగారు. ఆవిడ తలుపు చాటునుంచి బయటికి వచ్చి పోసింది.