కింద రి, పైన స

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మావాళ్లూ మొదటిసారి అందరం కలిసి ఓటు వేసిన ఎన్నికలకు ముందు ఉంజింటో ఊళ్లో మా తెలుగు వీధివాళ్లు కొవ్వొత్తులు, డబ్బా చేపలు కొని దాచుకున్నారు. ఏదో జరుగుతుందని వాళ్ల భయం. ఏమీ జరగలేదు. నేనప్పుడు భయపడనూ లేదు. నా భయం మరుసటి సంవత్సరం డర్బన్‌లో, సంగీత విభాగం కంప్యూటర్ గదిలో మొదలయింది.

అక్కడ మాకు కౌంటర్‌పాయింట్ అనే పాఠం ఉండేది. ఒక స్వరాల వరుస ఇస్తారు. దాని పైన, స్వరానికి స్వరం చొప్పున, ఇంకో వరుస మనం రాయాలి. రెండూ కలిపి పాడితే ఎక్కడా ఒకదాన్నొకటి గీరుకోకూడదు. రాసింది కంప్యూటర్‌లోకి ఎక్కించి మీట నొక్కితే, ఒక ప్రోగ్రాం మొదటి నుంచీ చూసుకుంటూ పోయి, తప్పున్న చోట ఎర్ర గీత గీసి కూత పెట్టేది. ఆ కూత గదంతా వినపడేది. సంవత్సరం చివరి పరీక్షలో ఒక్క ఎర్ర గీత వచ్చినా రెండో సంవత్సరంలోకి రానివ్వరు.

నా వరుసలకు కూతలు ఆగేవి కావు. మిగతావాళ్లు తలలు తిప్పి చూసేవారు. పాఠం చెప్పే ఆయన మొదటి వారంలోనే నలుగురి ముందూ అన్నాడు: "నువ్వు అకౌంట్స్ తీసుకోవలసింది. మీ ఇండియావాళ్లకి అది బాగా వస్తుంది కదా." నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు ఆయన కట్టుకున్న ఆకుపచ్చ టై కూడా నాకు గుర్తుంది.

తప్పు ప్రోగ్రాంలోనే ఉందని నా నమ్మకం. విభాగాధిపతికి ఫిర్యాదు రాసిచ్చాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. చివరికి ఆవిడ నన్ను పిలిచి, నా వరుసను కింది వరుసతో కలిపి పియానో మీద వాయించి, ఒక చోట ఆగింది.

"ఇక్కడ వినపడటం లేదా?"

కింద రి, పైన స. నాకు ఏ తప్పూ వినపడలేదు. స కంటే హాయిగా నిలిచే స్వరం ఇంకేముంటుంది?

"ప్రోగ్రాం సరిగానే ఉంది," అంటూ ఆవిడ కాగితం నా వైపు తోసింది. చేతికివ్వలేదు, తోసింది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. యంత్రానిది తప్పయితే పోట్లాడొచ్చు. తప్పు నా చెవిదే అయితే ఎవరితో పోట్లాడను? ఇంటికి వెళ్లే బస్సు చెరకు తోటలు దాటుతున్నంతసేపూ ఆ కాగితమే విప్పి చూసుకున్నాను.

మా మేనత్త భజనల్లో పాడేది. ఆవిడ శ్రుతిపెట్టె ఆడిస్తుంటే దాని మీద పాడుతూ పెరిగినదాన్ని నేను. ఆ శనివారం ఆవిడను వంటింట్లో కూర్చోబెట్టి, కింది వరుస నేర్పి పాడమన్నాను. ఆవిడ ఒక చేత్తో పెట్టె ఆడిస్తూ కింది వరుస, నేను పైది. కమ్మగా ఉంది.

"ఇందులో తప్పేటే?" అంది.

మళ్లీ మొదలుపెట్టాం. మధ్యలో పొయ్యి మీద పప్పు పొంగింది. అత్త పెట్టె వదిలేసి లేచింది గాని గొంతు ఆపలేదు, రి పట్టుకునే ఉంది. నేను స మీద ఉన్నాను.

పలక మీద గోరు గీసినట్టయింది. ఒళ్లు జలదరించింది.

"హావు! అదేం కూతే?" అత్త గరిటెతో సహా ఇటు తిరిగింది. "కాలేజీకెళ్లి అపస్వరం నేర్సుకొచ్చావా?"

"నేనేం మార్చలేదత్తా. ఇందాకటిదే."

"ఇందాక బాగుంది గదే! నా కాడ ఏసాలెయ్యకు."

మళ్లీ పెట్టె ఆడించమన్నాను. గీరుడు పోయింది. ఆపమన్నాను. వచ్చింది.

"నీకు పిచ్చి పట్టింది, నాకు పప్పు మాడిపోతంది," అంది అత్త.

మాకు ఏ స్వరమైనా శ్రుతితోనే పోల్చుకుని వినడం అలవాటు. పెట్టె మోగకపోయినా అది తలలో మోగుతూనే ఉంటుంది. అత్త పెట్టె చటుక్కున వదిలేసినప్పుడు మాత్రం ఆ కాసేపు తలలోదీ ఆగింది. నేను రాసిన ప్రతి స్వరమూ ఆ శ్రుతితో కలిసింది, దాని కిందున్న స్వరంతో కలవలేదు. సంగతి తెలిశాక భయం తగ్గాలి. పెరిగింది. తలలో మోగేదాన్ని ఆపడానికి మీట లేదు. ఒకవేళ ఆగిపోతే మళ్లీ భజనలో కూర్చుని పాడగలనా అని ఇంకో దిగులు. అయినా పరీక్ష దాకా ప్రతి శనివారం పెట్టెను అటక మీద పెట్టి, అత్త చేత తిట్లు తింటూ పాడించుకున్నాను.

పరీక్షలో రెండు వరుసలూ ఇంకోసారి లోలోపల పాడుకుని మీట నొక్కాను. ప్రోగ్రాం చివరిదాకా పోయింది. కూత పెట్టలేదు.

ఆకుపచ్చ టై ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశాను, సర్."

"అలాగా? రా."

పక్క గదిలో పియానో ముందు కూర్చున్నాడు. "పైది పాడు. కిందిది నేను వాయిస్తాను."

ఎలాగో సగం దాకా లాక్కొచ్చాను. స మీద ఉన్నాను, కింద గ రావాలి. గోరు గీసినట్టయింది. నేను ఆగిపోయాను. ఆయన కూడా ఆగాడు.

"ఎందుకు ఆపావు?"

అయిపోయింది అనుకున్నాను. "కింది స్వరం మీరు మార్చారు, సర్."

ఆయన నా వైపు చూడలేదు. కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. "వెళ్లు. తర్వాతివాణ్ణి పంపు."

రెండో సంవత్సరంలోకి వచ్చాననే సంగతి నాకు అలా తెలిసింది. బయట మెట్ల మీద కూర్చున్నాను. పరీక్ష ముగించుకుని వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. వాళ్లలో ఎవరినీ ఆయన పాడమనలేదు.

అక్కడే కూర్చుని మూడో ఫిర్యాదు రాసి, లేచి, తిన్నగా విభాగాధిపతి గదికి వెళ్లాను.