నిర్మల్ చలిలో పగిలిన అద్దంతో ఉట్నూరు దాకా

మా అక్క రూతు నర్సు. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు దవాఖానలో కాన్పుల వార్డులో చేస్తోంది. చేరిన రోజు ఏ పేరుతో చేరిందో ఇప్పటికీ అదే పేరు, స్టాఫ్ నర్సు. ఆమె తర్వాత వచ్చిన వాళ్లు ఆమెకు పైవాళ్లై సంతకాలు పెడుతున్నారు. ఈ డిసెంబరులో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర కొండల్లో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రి వాళ్లు కాన్పుల వార్డుకు హెడ్ నర్సు కావాలని కబురు పంపారు. శుక్రవారం పొద్దున పదకొండుకు ఇంటర్వ్యూ. పెద్ద డాక్టరు మధ్యాహ్నానికే క్యాంపుకు వెళ్లిపోతారు కాబట్టి ఆలస్యంగా వచ్చిన వాళ్లను చూడరని ముందే చెప్పారు. బస్సులో వెళ్తానంది అక్క. నాకు సొంత వ్యాను ఉండగా మా అక్క బస్సులో నిలబడి వెళ్లడం ఏమిటి? నేనే తీసుకెళ్తానన్నాను.

నాది మారుతి ఒమ్నీ. మాదాపూర్‌లోని ఒక కంప్యూటర్ కంపెనీ వాళ్లను పొద్దున ఎక్కించుకుని, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపుతాను. బండి నడపడం నాకెవరూ నేర్పలేదు. రిపేరు పని కూడా అంతే, పాడైన ప్రతిసారీ విప్పి చూసుకుని నేర్చుకున్నాను. మీకు హైటెక్ సిటీ అంటే పేపర్లో వచ్చే గుండ్రటి భవనం ఫొటో గుర్తొస్తుంది. నాకు ఆ రోడ్డు మీది కంకర గుర్తొస్తుంది. మీద పట్టా కప్పకుండా టిప్పర్లు రాత్రీపగలూ పోతాయి, రాళ్లు రాలుతాయి, ముందు బండి టైరు కింద పడి మన అద్దానికి వచ్చి తగులుతాయి. మా స్టాండులో చుక్క పడని అద్దం ఒక్కటీ లేదు. ఆ చుక్కలోకి దుమ్ము పోకుండా స్టిక్కర్ బొట్టు అంటిస్తాం. స్టాండుకు కొత్తగా వచ్చిన వాళ్లు అది దిష్టి చుక్క అనుకుంటారు. బయల్దేరే ముందు రోజు కొత్తగూడ చౌరస్తాలో నా అద్దానికీ ఒక చుక్క పడింది. టిప్పరును ఆపి అడిగితే, రోడ్డు మీద పడిన రాయికి తనకేం సంబంధమన్నాడు ఆ డ్రైవరు. నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

గురువారం సాయంత్రం నాలుగు గంటలకు హఫీజ్‌పేట్‌లోని ఇంటి నుంచి కదిలాం. సిటీలోకి దిగకుండా మియాపూర్, గండిమైసమ్మ మీదుగా మేడ్చల్ చేరి నాగపూర్ రోడ్డు ఎక్కితే గంట కలిసొస్తుంది. కామారెడ్డిలో చాయ్ తాగాం. ఆర్మూరు దాటాక గోదావరి వంతెన మీద గాలి మారింది. అక్కడి నుంచి చలి అంటే ఏమిటో తెలుస్తుంది. హైదరాబాదులో మనం స్వెట్టర్ వేసుకుని చలి అనుకునేది అసలు చలే కాదు. పదింటికి నిర్మల్ చేరి బస్టాండు పక్క లాడ్జిలో దిగాం. రెండు మంచాల గది నూట యాభై. గది శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం సరిగా పడదు, అక్క తన శాలువా కిటికీకి కట్టింది. బండి ఆరుబయటే పెట్టాల్సి వచ్చింది.

జరిగిందంతా మర్నాటి పొద్దున. నేను లేచి వెళ్లేసరికి అద్దమంతా మంచుతో తెల్లగా ఉంది, చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నేను వంగి టైర్లు చూస్తున్నాను. అక్క స్నానం చేసి ఇస్త్రీ చీర కట్టుకుని, బకెట్‌లో మిగిలిన వేడి నీళ్లతో కిందికి వచ్చింది. చలికాలం మాదాపూర్ స్టాండులో మేమంతా చేసే పని ఒకటుంది. హోటలు పొయ్యి మీది వేడి నీళ్లు ఒక మగ్గు తెచ్చి అద్దం మీద కొడతాం, మంచు ఒక్క దెబ్బకు పోతుంది. నైట్ డ్యూటీ దిగి నా బండిలో ఇంటికి వెళ్దామని స్టాండుకు వచ్చినప్పుడల్లా ఆమె అది చూసింది. నాకు పని తగ్గిద్దామనుకుని మగ్గు నిండా ముంచి అద్దం మీద పోసింది.

గాజు గిన్నె మీద గోరు తగిలినట్టు చిన్న చప్పుడు వచ్చింది. నేను తలెత్తేసరికి, కొత్తగూడ చుక్క మీద నేను అంటించిన బొట్టు కింది నుంచి ఒక గీత బయల్దేరి, నేను చూస్తుండగానే స్టీరింగ్ ఎదురుగా జానెడు దూరం పాకి ఆగింది.

నేను అరిచాను. అక్క మీద, నిర్మల్ మీద, కొత్తగూడ టిప్పర్ మీద, అందరి మీదా అరిచాను. లాడ్జి మేనేజరు బయటికి వచ్చి నిలబడ్డాడు. అక్క మగ్గు కింద పెట్టి, నేను ఆగేదాకా ఆగింది.

“అయిందా? కోపం మధ్యాహ్నం పడు తమ్ముడూ. ఇప్పుడు ఏం చెయ్యాల్నో చెప్పు.”

వెంటనే మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. ఒమ్నీ అద్దం నిర్మల్‌లో లేదు, నిజామాబాదు నుంచి రావాలి, వచ్చేసరికి సాయంత్రం అవుతుందన్నాడు. ఉట్నూరు బస్సు ఆరింటికే పోయింది, మళ్లీ పదకొండుకు. బండి తప్ప దారి లేదు. బస్టాండు ఎదురుగా చాయ్ బండి దగ్గర నాగపూర్ నుంచి వస్తున్న ఒక లారీ డ్రైవరు కంబళి కప్పుకుని కూర్చున్నాడు. నంబరు ప్లేటు చూశాడు, అద్దం చూశాడు, ఇగ మొదలుపెట్టాడు.

“ఏం తమ్మీ, మీ హైటెక్ బండికి జర చలి తగిల్తెనే పగిలిందా? గీడ గాలికి ఇగ ఆగదది. మొత్తం కొట్టేసి పో. మేం గట్లనే పోతం.”

లారీలో అలాగే పోతారు, నిజమే. అద్దం మొత్తం తీసేసి, తలకు గుడ్డ కట్టుకుని పోతారు. కానీ ఆ గాలిలో ఎనభై కిలోమీటర్లు పోయి ఇంటర్వ్యూకు కూర్చునే మనిషి ఎలా ఉంటుంది? నేను ఏదో అనబోయాను. అక్క నాకంటే ముందే అంది.

“కొట్టెయ్‌రా. చీర ఖరాబైతే కానియ్. వాళ్లు చీరకు ఉద్యోగం ఇయ్యరు.”

లారీ డ్రైవరు నవ్వడం ఆపాడు. అద్దం కొట్టకూడదని నేను అప్పుడే తేల్చుకున్నాను. ఎందుకో చెబుతాను, ఈ ప్రాంతానికి బండిలో వచ్చే వాళ్లందరికీ పనికొస్తుంది. నా అద్దం రెండు పలకలు కలిపి మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టినది. పాత బండ్లలో ఉండే అద్దమైతే ఆ వేడి నీళ్లకే అటుకుల్లా రాలిపోయేది. ఈ రకం అద్దంలో పగులు పై పలకకే ఉంటే, అది పాకకుండా చూసుకుంటే చాలు. అద్దానికి లోపల ఒక వేడి, బయట ఒక వేడి ఉంటే పాకుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండికి ఒక్కసారి చల్లనీళ్లు కొడితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. చలిలోనూ సంగతి అదే. తలకిందులు, అంతే. అది మా స్టాండులో ఎవరికీ తట్టలేదు.

పగులును మూయడానికి రంగు లేని గోళ్ల రంగు కావాలని అక్కతో చెప్పాను. గాజుల కొట్టు ఆమె కొట్టు తెరుస్తూనే మమ్మల్ని పైకీ కిందికీ చూసింది, పొద్దున్నే గోళ్ల రంగు ఎందుకని. రంగు లేనిది లేదంది. కుంకుమ ఎరుపు ఒక్కటే ఉంది, పన్నెండు రూపాయలు. అదే కొన్నాం. తర్వాత పని అక్క చేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తన సంచీలోంచి స్పిరిటు, దూది తీసి గీత పొడవునా తుడిచి ఆరబెట్టింది. పగులు చివర ఎక్కడుందో చూపించమంది. చివరన ముందు ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి వెనక్కి బొట్టు దాకా ఒక్క వణుకు లేకుండా గీసింది. బయట ఆరు డిగ్రీలో ఏడో ఉంటుంది, నేను జేబుల్లోంచి చేతులు బయటికి తీయలేదు. చూడటానికి వచ్చిన లారీ డ్రైవరు తన కంబళి తీసి అక్క సీటు మీద వేశాడు. మళ్లీ ఈ దారినే వస్తావు కదా, చాయ్ బండి ఆయనకు ఇచ్చి పో అన్నాడు నాతో.

ఎనిమిదిన్నరకు కదిలాం. ఒమ్నీలో ఇంజను మన సీటు కిందే ఉంటుంది, అద్దాలు మూస్తే లోపల వెచ్చబడుతుంది. అందుకని రెండు వైపులా కిటికీలు పూర్తిగా తెరిచి నడిపాను. చలి ముఖాన కొడుతోంది, చెవులు ఉన్నాయో లేవో తెలియడం లేదు. తలుపు కూడా గట్టిగా వేయనివ్వలేదు. కిటికీలు తెరిచి ఉన్నా, గట్టిగా వేసిన తలుపు అదురు అద్దం దాకా పోతుంది. నిర్మల్ దాటాక ఘాటు మలుపుల్లో గుంతలు చాలా ఉన్నాయి, ప్రతి గుంతనూ నడక వేగంతో దాటించాను. వెనక బస్సులు హారన్ కొట్టాయి. ఇంకో రోజైతే దిగి అడిగేవాణ్ణి. అక్క దారి చూడలేదు. ఎర్ర గీత చివరనే చూస్తూ, ప్రతి గుంత తర్వాతా ఒక్క మాటే చెప్పింది. “అట్లనే ఉంది.” ఇచ్చోడ దగ్గర మంచు విడిచి ఎండ వచ్చింది. గుడిహత్నూరులో కుడికి తిరిగితే ఎండ సూటిగా అద్దం మీద పడుతుంది. ఒక్కసారి వేడెక్కకుండా చెట్ల నీడన కాసేపు ఆపి, మళ్లీ కదిలాను. ఉట్నూరు చేరి, ఆసుపత్రి దారి అడిగి, గేటు ముందు ఆపేసరికి ఇంకా పావుగంట ఉంది. అక్క కంబళి మడిచి సీట్లో పెట్టి, జుట్టు సరిచేసుకుని లోపలికి వెళ్లింది.

ఆసుపత్రి వంటావిడ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడి జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం పెట్టింది. అంత రుచైన రొట్టె నేనెప్పుడూ తినలేదు. ఇంతకుముందు ఇద్దరు నర్సులు వచ్చారట, ఇద్దరూ చలికి, ఒంటరితనానికి ఆగలేక వెళ్లిపోయారట.

“మీ అక్కన్నా ఆగుతదా బిడ్డా?”

“అద్దం లేకున్నా వస్తనన్నది పెద్దమ్మా,” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పొద్దున్నుంచి జరిగింది మొత్తం చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

పన్నెండు దాటాక అక్క బయటికి వచ్చింది. వెంట పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చారు, రాజమండ్రి వైపు ఆవిడట. వ్యాను దాకా వచ్చి ఆ ఎర్ర గీత చూశారు. “ఇది మీరే వేశారా అండి?” అని అక్కను అడిగి, వేలితో తాకబోయి మానేసి, జీపు ఎక్కి క్యాంపుకు వెళ్లిపోయారు.

“ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు,” అంది అక్క. “క్వార్టర్ ఇస్తరట. వార్డు మొత్తం నా చేతులనే.” బండి ఎక్కుతూ అడిగింది, “హఫీజ్‌పేట్ నుంచి గీడికి ఎంత టైం పడ్తది?”

“అద్దం మంచిగుంటే ఏడు గంటలు.”

“అయితే నెలకోసారి రా.”

తిరుగు దారిలో నిర్మల్‌లో కంబళి ఇచ్చేసి, ఆర్మూరు నుంచి నిజామాబాదుకు తిప్పి, చీకటి పడే వేళకు కొత్త అద్దం వేయించాను. బిగించే ఆయన పాతది తీసి గోడకు ఆనించాడు. పగులు చివర ఎంత దూరం పోయిందో చూద్దామని దగ్గరికి వెళ్లాను. రెండు వందల కిలోమీటర్లకు పైగా తిరిగి, అన్ని గుంతలు దాటి, అక్క పెట్టిన చుక్క దగ్గరే ఉంది.

సోమవారం స్టాండులో ఇదంతా చెప్పాను. ఇద్దరు నవ్వారు, మిగిలిన వాళ్లు తమ అద్దాల మీది బొట్లు తీసి చూసుకున్నారు. హైదరాబాదు బండి చలికి ఆగదని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు కోపం రాదు, ఉట్నూరు వెళ్లి కాన్పుల వార్డులో అడగమంటాను. ఎవరూ పక్కన నిలబడి నేర్పకుండానే ఇద్దరం ఆ కొండల దాకా వచ్చాం. నేను బండితో, ఆమె తన చేతి పనితో. ఆ రోజు చలిలో, తెరిచిన కిటికీల మధ్య, మా అక్క నా పక్కన కూర్చుని “అట్లనే ఉంది” అంటూ వచ్చిన ఎనభై కిలోమీటర్లు నేను నడిపిన దారులన్నిటిలోకీ పెద్దవి.

డిసెంబరు, జనవరిలో ఈ వైపు వచ్చేవాళ్లు రాత్రి బండి ఆపగానే అద్దం మీద ఒక గోనెపట్టా కప్పండి. మరచిపోయి పొద్దున మంచు పట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవండి, పది నిమిషాలు పడుతుంది. వేడి నీళ్లు స్నానానికి ఉంచుకోండి.